పేరు పేరునా

ఊళ్లో పిల్లలెందరని అడిగితే సర్పంచ్ ఒక లెక్క చెబుతాడు. హెడ్మాస్టరు ఇంకో లెక్క చెబుతారు. అంగన్‌వాడీ టీచరు దగ్గర మూడో లెక్క ఉంటుంది. ఎవరి రిజిస్టరు ప్రకారం వాళ్లు చెప్పింది నిజమే. అయితే బడి హాజరుపట్టీలో పేరున్న పిల్ల నెల రోజులుగా పత్తి చేనులో ఉండొచ్చు. అంగన్‌వాడీ పుస్తకంలో బరువు రాసి ఉన్న పసివాడిని అసలు కాటా ఎక్కించి ఉండకపోవచ్చు. వలస వచ్చి చేని గట్టున గుడిసె వేసుకున్న కుటుంబం పిల్లలు ఏ పుస్తకంలోనూ కనిపించరు. అందుకని ఇల్లిల్లూ తిరిగి, పుట్టిన బిడ్డ దగ్గర్నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ప్రతి ఒక్కరి పేరూ రాసుకునే మనుషులు తెలంగాణ పల్లెల్లో ఉన్నారు. ఏ ఆఫీసూ నియమించకుండానే ఆ పని నెత్తికెత్తుకున్నవాళ్లు. సేవ అనే ఒక్క మాటతో వాళ్లకు దండం పెట్టేసి మనం పక్కకు తప్పుకుంటున్నాం. ఆ పనిలో ఉన్న నేర్పును దగ్గరగా చూడలేదు. అది చూపించాలనే ఈ వ్యాసం.

ఈ పనికి ఒక పద్ధతి ఏర్పడింది మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్‌లో. చరిత్ర, రాజనీతి శాస్త్రాల్లో పెద్ద పేరున్న వెంకటరంగయ్య గారి పేరిట 1981లో అది పరిశోధన సంస్థగా మొదలైంది. ఆయన మనవరాలు శాంతా సిన్హా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం బోధిస్తూ, శ్రామిక విద్యాపీఠం తరఫున రంగారెడ్డి జిల్లా ఊళ్లలో వెట్టి కూలీల మధ్య పనిచేశారు. వెట్టిలో మగ్గుతున్నవాళ్లలో చాలామంది పిల్లలేనని అక్కడే తేలింది. 1991 నుంచి శంకర్‌పల్లి ప్రాంతంలో పిల్లల్ని పని మాన్పించి బడిలో చేర్పించడం ఫౌండేషన్ ప్రధాన కార్యక్రమం అయింది. తర్వాత నల్గొండతో సహా ఎన్నో జిల్లాలకు పాకింది. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమె తొలి అధ్యక్షురాలై 2013 దాకా కొనసాగారు. పేపర్లలో వచ్చిన ఈ సంగతులు చాలామందికి తెలుసు. ఊరి వాలంటీరు రోజూ చేసే పని మాత్రం పేపర్లో రాదు.

పెద్దవూర లాంటి మండలాన్ని మనసులో పెట్టుకుని ఆ పనిని చూడాలి. నల్గొండ జిల్లాలో హాలియా దాటి నాగార్జున సాగర్ దారి పడితే పెద్దవూర వస్తుంది. అంత పెద్ద డ్యామ్ చేరువలోనే ఉంది గానీ, ఎడమ కాలువ నీళ్లతో ధాన్యం పండేది మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు పల్లాన. మెరక మీదున్న ఊళ్లకూ తండాలకూ వాన, బోరు, పత్తి, బత్తాయి. పత్తి ఏరుడు కూలి కిలోల లెక్కన ఇస్తారు. అంటే తల్లి పక్కన ఇంకో రెండు చిన్న చేతులుంటే సాయంత్రానికి మూట బరువు పెరుగుతుంది. దసరా నుంచి సంక్రాంతి దాటేదాకా బడిలో బెంచీలు ఖాళీ కావడానికి ఇంతకన్నా గట్టి కారణం అక్కర్లేదు. నాట్ల కాలంలో కూలీల ఆటోలు ఆయకట్టు వైపు కదులుతాయి. వాటి వెనకే పిల్లల చదువూ కదిలిపోతుంది.

ఇలాంటి చోట "పేదరికం పోతేగాని పిల్లలు బడికి రారు" అనేది అందరికీ నోటికొచ్చిన మాట. ఆఫీసర్లు అంటారు, మేధావులూ అంటారు. శాంతా సిన్హా, ఆమెతో పనిచేసినవాళ్లు ఆ మాటను ఒప్పుకోలేదు. పేద తల్లిదండ్రులు పిల్లల చదువు కోసం కడుపు కట్టుకోవడానికి సిద్ధమేననీ, మొదటి తరం పిల్లవాడిని లోపలికి రానిచ్చే ఏర్పాటే బడికి లేదనీ వాళ్ల వాదన. దానిమీదే తమకు తాము కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నారు. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే. పిల్లలందరూ పూర్తికాలం పగటి బడికే వెళ్లాలి. పిల్లలతో చేయించే ఏ పనైనా ప్రమాదకరమే. పిల్లల పనిని మాన్పించాలి తప్ప దానికి హద్దులు పెట్టి సాగనిచ్చే చట్టం ఏదీ ఒప్పుకోదగ్గది కాదు. పిల్లల పనికి ఏ సాకు చెప్పినా అంగీకరించకూడదు. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు పద్నాలుగేళ్ల లోపు పిల్లల చేత పని చేయించడాన్ని పూర్తిగా నిషేధిస్తూనే, బడి వేళల తర్వాత సొంత కుటుంబం పనిలో సాయపడొచ్చని వెసులుబాటు ఇచ్చారు. చేనూ ఇల్లూ రెండూ కుటుంబానివే అయిన పల్లెటూళ్లో ఆ వెసులుబాటు ఎంత దూరం పోతుందో ఊహించుకోవచ్చు. ఫౌండేషన్ వాళ్ల కట్టుబాటు చట్టం కంటే కఠినం. అలా ఉండటం న్యాయమనే నా అభిప్రాయం.

ఇంత కఠినమైన నియమం పట్టుకుని గుమ్మంలోకి వెళ్లే మనిషి మాట మెత్తగా ఉండాలి. మొదటి నేర్పు అదే. "పిల్లను బడికెందుకు పంపుతలేవు?" అని వాలంటీరు అడగదు. ఆ ప్రశ్నలో నేరం ఉంది. తల్లి తల దించుకుని ఏదో ఒక జవాబు చెబుతుంది, అక్కడితో మాట ముగుస్తుంది. "అక్కా, రేపు పిల్ల బడికి రావాలంటే ఏం కావాలె?" అని అడిగితే వేరే సంభాషణ మొదలవుతుంది. టీసీ దొరకలేదంటుంది. బడి మానేసి మూడేళ్లయింది, ఇప్పుడు చిన్నపిల్లల పక్కన కూర్చోవడానికి సిగ్గుపడుతోందంటుంది. చంటివాడిని ఎవరు చూస్తారంటుంది. ఒక్కో జవాబూ తీర్చగలిగిన పని. పేదరికం అన్న పెద్ద బండరాయిని గుమ్మంలోనే ఇలా మోయగలిగిన ముక్కలుగా పగలగొడతారు. తండాలో అయితే ఆ మాట లంబాడీలో సాగాలి. "యాడీ" (అమ్మా) అని పిలిచి కూర్చునే మనిషికి, తెలుగులో ఫారం నింపి లేచే మనిషికి ఒకే ఇంట్లో వేర్వేరు జవాబులు వస్తాయి. ఆ తండాలో పుట్టి చదువుకున్న పిల్లే వాలంటీరైతే ఇంక చెప్పేదేముంది.

రెండో నేర్పు ఆసామి దగ్గర కనిపిస్తుంది. జీతానికి కుదిరిన పిల్లవాడి వెనక ఎప్పుడూ ఒక అప్పు ఉంటుంది. తండ్రి ఆపదలో తెచ్చుకున్న డబ్బుకు కొడుకు బర్ల కాడ, గొర్ల కాడ జీతముంటాడు. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం ఆ అప్పు చెల్లదు. చట్టం చేతిలో ఉంది కదా అని మొదటి రోజే పోలీసును వెంటబెట్టుకుపోతే పిల్లవాడు విడుదలవుతాడు. తండ్రికి మాత్రం ఆ ఊళ్లో మళ్లీ అప్పు పుట్టదు, పని దొరకదు, ఆర్నెల్లకు పిల్లవాడు ఇంకో ఊళ్లో జీతానికి చేరతాడు. అందుకని వీళ్లు ఆసామి ఇంటికి ముందు మాటలకే వెళ్తారు. ఆయన పిల్లలు ఏం చదువుతున్నారో అడుగుతారు. ఊళ్లో ఆయన మాట వినే పెద్దమనిషిని తోడు తీసుకెళ్తారు. ఒకసారి కాకపోతే పదిసార్లు. పిల్లవాడిని వదిలిపెట్టిన రోజున గ్రామసభలో ఆ ఆసామికే శాలువా కప్పి సన్మానం చేస్తారు. ఇది చదివి చిరాకు పడేవాళ్లుంటారని తెలుసు. తప్పు చేసినవాడికి శాలువా ఏమిటని అడుగుతారు. అందరి ముందు శాలువా కప్పించుకున్న మనిషి మళ్లీ ఇంకో పిల్లవాడిని జీతానికి పెట్టుకోలేడు. పక్క ఆసామి పెట్టుకుంటే ఊరుకోలేడు కూడా. బాలల హక్కుల పరిరక్షణ వేదిక అని ఊరూరా ఏర్పడిన కమిటీల్లో ఒకప్పుడు పిల్లల్ని పనిలో పెట్టుకున్నవాళ్లే సభ్యులుగా చేరారు. ప్రభుత్వ టీచర్లు కొందరు బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడ్డారు. నిందపడాల్సిన ముగ్గురినీ, తల్లిదండ్రుల్నీ ఆసామినీ టీచరునీ, ఒక్కరినీ బోనులో నిలబెట్టకుండా అదే పనిలోకి దింపడం నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే అబ్బురంగా తోచే విషయం.

పని మాని వచ్చిన పదకొండేళ్ల పిల్లను నేరుగా ఒకటో తరగతిలో కూర్చోబెడితే నాలుగో రోజుకు వెళ్లిపోతుంది. దానికి జవాబుగా వచ్చినవే బ్రిడ్జి కోర్సు క్యాంపులు. కొన్ని నెలలపాటు, అవసరమైతే ఏడాది పైన, పిల్లలు అక్కడే ఉంటారు. మొదట్లో పలకా బలపం కంటే పాటలు, కథలు, ముచ్చట్లే ఎక్కువ. పని అలవాటు వదలాలి, ఒకచోట కూర్చోవడం రావాలి. ఆ తర్వాత అక్షరాలు, లెక్కలు, చివరికి తన వయసు పిల్లలున్న తరగతిలో చేరడం. క్యాంపులకు ఊళ్లవాళ్లే బియ్యం, పప్పు పోగుచేసి పంపిన సందర్భాలున్నాయి. ఫౌండేషన్ పట్టుదలగా చేయని పని ఒకటుంది. సర్కారు బడికి పోటీగా తన బడి పెట్టలేదు. క్యాంపులో ఎంత బాగా చదువు చెప్పినా దారి ఎప్పుడూ సర్కారు బడికే. ఇంటికి నష్టపరిహారంగా డబ్బూ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే డబ్బు ఆగిన రోజున చదువు ఆగేది.

2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం తెరిచి చూస్తే ఈ వాలంటీర్లు గుమ్మాల్లో విన్న జవాబులే సెక్షన్లుగా కనిపిస్తాయి. ఎప్పుడూ బడికి వెళ్లని పిల్లను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం చెల్లదు. జనన ధ్రువపత్రం లేదని వెనక్కి పంపకూడదు. వీళ్ల పని వల్లనే ఆ వాక్యాలు చట్టంలోకి వచ్చాయని నేననను, దేశమంతటా ఎందరో పోరాడారు. హెడ్మాస్టరు టేబుల్ ముందు టీసీ కోసం గంటలు నిలబడ్డవాళ్లకు మాత్రం ఆ సెక్షన్లలో ప్రతి మాటా తమ అనుభవంలా కనిపిస్తుంది.

చంటివాడిని ఎవరు చూస్తారన్న తల్లి ప్రశ్న దగ్గర మనం కొంతసేపు ఆగాలి. బడి బయట ఉన్న ఆడపిల్లల్లో చాలామంది చేసే పని కూలి లెక్కల్లోకి రాదు. చంకలో తమ్ముడు ఉంటాడు, అంతే. నాట్లకు వెళ్లే కూలీల ఆటో తెల్లారి ఏడింటికల్లా కదులుతుంది. అంగన్‌వాడీ తెరిచేది తొమ్మిదింటికి. సాయంత్రం నాలుగింటికి మూస్తారు, తల్లి ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. ఆ ముందు వెనకల సందుల్లో అక్క చదువు జారిపోతుంది. మూడేళ్లు నిండని బిడ్డను అంగన్‌వాడీలో పగలంతా ఉంచుకునే ఏర్పాటూ లేదు, వాళ్లకు ఇంటికే బాలామృతం పొట్లం, గుడ్లు ఇచ్చి పంపుతారు. అంటే పసిబిడ్డ ఆలనా, పదేళ్ల పిల్ల చదువూ ఒకే ముడిలో ఉన్నాయి. ఒకటి మహిళా, శిశు సంక్షేమ శాఖది, రెండోది విద్యాశాఖది. రెండు శాఖలూ ఒకే ఇంటి గుమ్మం ముందు కలిసి నిలబడటం అరుదు. వాలంటీరు రోజూ నిలబడుతుంది.

అందుకే మంచి వాలంటీరు బడి కంటే ముందు అంగన్‌వాడీకి వెళ్తుంది. టైముకు తెరుస్తున్నారా, ఆయమ్మ వస్తోందా, గుడ్డు రోజూ పెడుతున్నారా అని చూస్తుంది. 2015 జనవరి నుంచి తెలంగాణలో ఆరోగ్య లక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలోనే ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, పాలు ఇస్తున్నారు. నిండు చూలాలు కూలికి పోయి ఆ భోజనం దాటేస్తోందా అన్నది కూడా చూస్తుంది. నెలనెలా పిల్లల్ని తూచే రోజున తల్లుల్ని పోగుచేస్తుంది. అందరి ముందు కాటా ఎక్కితే పుస్తకంలో కాకిలెక్కలు రాయడం కష్టమవుతుంది. బిడ్డ దండ చుట్టుకొలత కొలిచే టేపు 11.5 సెంటీమీటర్లకు లోపు చూపిస్తే అది తీవ్ర పోషకాహార లోపం. టేపు ఎరుపు రంగు చూపించిన బిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్లమని చెప్పి వదిలేస్తే తల్లి కూలి పోతుందని వెళ్లదు. ఎవరో ఒకరు వెంట వెళ్లాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో పని జరిగే చోట ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి ఉంటే ఒక ఆడమనిషిని వాళ్లను చూసుకోవడానికి పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని రాశారు. పని స్థలంలో ఆ నిబంధన గుర్తు చేసే గొంతు ఉన్నచోట ఎండలో గట్టు మీద పడుకోబెట్టిన పిల్లలకు నీడ దొరుకుతుంది, ఇంటి దగ్గర ఉండిపోవాల్సిన పిల్ల బడికి పోతుంది. అంగన్‌వాడీ పని తీరును అడిగే ఈ మనుషులు ఆ టీచరమ్మకు శత్రువులు కారు. ఆమె అద్దె బిల్లు రాలేదని మండలాఫీసులో అడిగేదీ వీళ్లే. గౌరవ వేతనం మీద ఇన్ని పనులు మోసే మనిషికి ఊరి తరఫున ఒక తోడు ఉండాలి.

పెద్దవూరకు పడమటి వైపున్న దేవరకొండ, చందంపేట తండాల పేర్లు ఇరవై అయిదేళ్ల కింద ఆడశిశువుల అమ్మకాల వార్తలతో దేశమంతా మోగాయి. ఆ తండాల్లో గ్రామ్య రిసోర్స్ సెంటర్ ఫర్ విమెన్ తరఫున రుక్మిణీ రావు, ఆమె సహచరులు ఏళ్ల తరబడి పనిచేశారు. ఆడబిడ్డను బతికించుకోవడం, చదివించడం, భూమి హక్కు, తండా మహిళల సంఘాలు అన్నీ కలిపి పట్టుకున్నారు. అదొక ప్రత్యేక వ్యాసానికి సరిపడే కథ. ఇక్కడ చెప్పుకోవాల్సింది ఏమిటంటే, పక్క మండలాల వాలంటీర్లకు కూడా ఆడపిల్ల విషయంలో పని ఆమె పుట్టకముందే మొదలవుతుందన్న ఎరుక ఆ చేదు అనుభవం నుంచి వచ్చింది.

ఇక లగ్గాలు. బాల్యవివాహ నిషేధ చట్టం 2006లో వచ్చింది. పెళ్లి చేసినవాళ్లకు, చేయించినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. పెళ్లి ఆపేయమని మెజిస్ట్రేటు ఆజ్ఞ ఇవ్వొచ్చు. పందిట్లోకి అధికారులు వచ్చి పెళ్లి ఆపిన ఫోటో పేపర్లో పడుతుంది. వాలంటీర్ల దృష్టిలో అది పని ఆలస్యమైందన్న గుర్తు. అప్పటికే బియ్యం వండారు, బంధువులు దిగారు, అప్పు అయింది, పరువు పోయింది. ఆ కోపం పిల్ల మీద పడుతుంది. నెల తిరగకుండా ఏ చుట్టాల ఊళ్లోనో గుళ్లో తాళి కట్టిస్తారు. అందుకే వీళ్ల చెవి పూలూ పండ్లూ మాట్లాడుకునే రోజు మీదే ఉంటుంది, ఇంకా ముందు, పిల్ల వరసగా వారం రోజులు బడికి రాని రోజు మీద. బడిలో పిల్ల స్నేహితురాలికి ఆ కబురు ముందు తెలుస్తుంది. ఆ స్నేహితురాలు నోరు విప్పేంత నమ్మకం సంపాదించడం ఏ ట్రైనింగ్‌లోనూ నేర్పలేరు. ఆ తర్వాత ఇంటి పెద్దలతో మాట. 2014 అక్టోబరు నుంచి తెలంగాణలో కల్యాణలక్ష్మి సాయం పద్దెనిమిది నిండిన పిల్లకే అందుతోంది కాబట్టి, ఇంకా రెండేళ్లు ఆగితే ఏం వస్తుందో లెక్కగట్టి చెబుతారు. ముహూర్తం పెట్టే అయ్యగారికి, పత్రికలు అచ్చేసేవాళ్లకు, ఫంక్షన్‌హాలు వాళ్లకు వయసు కాగితం చూడకుండా ఒప్పుకోవద్దని ముందే చెప్పి ఉంచుతారు. పెళ్లి ఆగాక అసలు పని ఉంది. ఆ పిల్ల మర్నాడు ఎక్కడికి పోవాలి? కస్తూర్బా విద్యాలయంలో సీటు దొరికితే ఇంటి ఒత్తిడికి దూరంగా ఉంటుంది. సీటు అడగకుండా పెళ్లి ఆపడం సగం పనే.

ఇదంతా ప్రభుత్వం చేయాల్సిన పని కదా, ఊరివాళ్లు ఉచితంగా చేస్తే ప్రభుత్వం చేతులు దులుపుకోదా అన్న ప్రశ్న ఉంది. న్యాయమైన ప్రశ్నే. వీళ్ల పని తీరులోనే దానికి జవాబు దొరుకుతుంది. వాలంటీరు తానే పాఠం చెప్పి, తానే మందు ఇచ్చి, తానే భోజనం పెడితే ఆ మాట నిజమయ్యేది. ఆమె టీచరు పోస్టు ఖాళీగా ఉందని పంచాయతీ తీర్మానం రాయిస్తుంది. అర్జీ పట్టుకుని ఎంఈవో దగ్గరికి పదిమందిని తీసుకెళ్తుంది, నెల తర్వాత అదే అర్జీ నకలుతో మళ్లీ వెళ్తుంది. ఆఫీసు చేయాల్సిన పనిని ఆఫీసు చేతే చేయిస్తుంది. ఆమెకు దారి ఖర్చులైనా గౌరవంగా అందాలన్నది మాత్రం నేను గట్టిగా అంటాను. ఆడపిల్లలు ఈ పనిలోకి వచ్చి పెళ్లయ్యాక, సంసారం మీద పడ్డాక ఆగిపోవడానికి అదొక కారణం.

ఈ పద్ధతి మన జిల్లాలతోనే ఆగిపోలేదు. 2003లో నెదర్లాండ్స్ కేంద్రంగా మొదలైన "స్టాప్ చైల్డ్ లేబర్" ఉద్యమం బాలకార్మికులు లేని ప్రాంతం అన్న ఆలోచనను ఇక్కడి ఊళ్ల నుంచే తీసుకుంది. యుగాండా, జింబాబ్వే, మాలి, మొరాకో లాంటి దేశాల నుంచి కార్యకర్తలు, టీచర్ల సంఘాల వాళ్లు వచ్చి మన గ్రామసభల్లో కూర్చుని చూసి వెళ్లారు. ఒక పరిశ్రమలోంచో ఒక వృత్తిలోంచో పిల్లల్ని ఏరి తీయడం బదులు ఒక ఊరినంతా తీసుకుని ప్రతి పిల్లా బడిలో ఉండేదాకా వదలకపోవడం వాళ్లు తీసుకెళ్లిన పాఠం. శంకర్‌పల్లి చేల మధ్య రూపుకట్టిన పద్ధతి అది.

పెద్దవూర వైపు ఊళ్లలో ఇప్పుడు ఒకటో తరగతిలో చేర్పించడం పెద్ద సమస్యగా లేదు. చిక్కు పదిహేనేళ్ల దగ్గర వచ్చింది. విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్లకే చేయి వదిలేస్తుంది. బాలకార్మిక చట్టం పద్నాలుగు దాటినవాళ్లను ప్రమాదకరం కాదనుకున్న పనుల్లోకి అనుమతిస్తుంది. పదో తరగతి తప్పిన మగపిల్లవాడికి హైదరాబాద్‌లో పని రెడీగా ఉంటుంది, ఆడపిల్లకు సంబంధం రెడీగా ఉంటుంది. అందుకని పద్దెనిమిది దాకా పేర్లు రాసుకునే వాలంటీర్లకు టెన్త్ ఫలితాల రోజు ఏడాదిలోకెల్లా పెద్ద రోజు. పాసైన ఇంటికి రేపైనా పోవచ్చు. తప్పిన పిల్ల ఇంటికి ఆ సాయంత్రమే వెళ్లాలి. సప్లిమెంటరీ ఫీజు కట్టే గడువు ఎప్పటిదాకా, ఏ సబ్జెక్టు పోయింది, లెక్కలు చెప్పే సారు వేసవిలో ఊళ్లో ఉంటాడా, ఫీజు డబ్బు ఎవరిస్తారు అన్నవి ఆ సాయంత్రమే తేల్చుకుంటారు.